చిన్న ట్రైలర్ అమ్మి పెద్దది కొనేముందు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి బెంగళూరు నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకే దారిలో ఉన్నాయి. ఇద్దరు పడుకునే చిన్న క్యాంపింగ్ ట్రైలర్‌తో మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు నిలబడి వంట చేసుకోగల పెద్దదానికి మారాలనుకుంటున్నారు. అందుకే అన్నిటినీ ఒకేచోట పెట్టాం.

ప్రశ్న: మా దగ్గర టియర్‌డ్రాప్ (నీటిబొట్టు ఆకారపు చిన్న) ట్రైలర్ ఉంది. సామానుతో కలిపి 450 కిలోలు. డీజిల్ ఎస్‌యూవీకి తగిలిస్తే వెనకాల ఒకటి వస్తోందన్న సంగతే తెలియదు. పిల్లలు ఎదిగారు, చోటు చాలడం లేదు. పీణ్యలో ఒక ఫాబ్రికేటర్ 16 అడుగుల ట్రైలర్ కట్టిస్తానంటున్నాడు. ఖాళీగా 1,050 కిలోలు, సామానుతో 1,400 అవుతుందట. ‘ఈ ఇంజను రెండు టన్నులు ఈజీగా లాగేస్తుంది సార్’ అంటున్నాడు. నమ్మొచ్చా?
— ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ఇంజను లాగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ లాగడం ఒక్కటే కాదు కదా. ఆపాలి, మలుపులో నిలబెట్టాలి, వెనక యాక్సిల్ మీద పడే బరువు మొయ్యాలి. ఈ మూడింటి గురించి ఇంజను ఏమీ చెప్పదు.

ముందు మీ బండి మాన్యువల్ తియ్యండి. ట్రైలర్ లాగే పరిమితి రెండు అంకెల్లో ఉంటుంది: బ్రేకులున్న ట్రైలర్‌కి ఒకటి, లేనిదానికి ఒకటి. రెండోది ఎప్పుడూ చాలా తక్కువ. ‘ఈ వాహనం ట్రైలర్ లాగడానికి ఉద్దేశించినది కాదు’ అని రాసి ఉంటే చర్చ అక్కడితో ఆపండి. అదే మోడల్‌కి ఆస్ట్రేలియా బ్రోషర్‌లో 2,500 కిలోలని ఉందని కొందరు వాదిస్తారు. అక్కడి బండికీ మన బండికీ పేరు ఒకటే అయినా గేర్ నిష్పత్తి, రేడియేటర్, వెనక స్ప్రింగులు వేరుగా ఉండొచ్చు. ఆ అంకె మీది కాదు.

తర్వాత బండి మోయగల బరువు. డోర్ పిల్లర్ మీదో బానెట్ కిందో ఉండే ప్లేటు మీద మొత్తం బరువు పరిమితి ఉంటుంది. అది 2,510 కిలోలు, ఖాళీ బండి 1,960 అనుకుందాం. మిగిలింది 550. నలుగురు మనుషులకు 270, డిక్కీలో సామాను 60, టోబార్ (ట్రైలర్ తగిలించడానికి బండి వెనక బిగించే కడ్డీ) 35 తీసేయండి. ఇక 185 మిగిలింది. ఇప్పుడు ట్రైలర్ ముందు భాగం మీ హిచ్ (బండికి ట్రైలర్ తగిలే చోటు) మీద వేసే బరువు చూడండి. 1,400 కిలోల్లో 12 శాతం అంటే 168. చివరికి మిగిలింది 17 కిలోలు. రూఫ్ క్యారియర్ ఒక్కటి వేస్తే అదీ పోతుంది. పాత ట్రైలర్‌లో ఇదే లెక్క 54 కిలోలు. అందుకే మీకు ఇన్నాళ్లూ ఏమీ తెలియలేదు.

అసలు చిక్కు ఇంకా ఉంది. ఆ 168 కిలోలు వెనక యాక్సిల్ మీద 168గా పడవు. హిచ్ బాల్ (టోబార్ చివరి ఇనుప గుండు) వెనక యాక్సిల్‌కి 1.1 మీటర్ల వెనక ఉంది, వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 2.75 మీటర్లు అనుకుంటే వెనక యాక్సిల్ మీద పెరిగేది 235 కిలోలు, ముందు యాక్సిల్ మీద తగ్గేది 67 కిలోలు. తూకపు బల్ల సూత్రమే. స్టీరింగ్ తేలిపోవడం, రాత్రి ఎదుటివాళ్ల కళ్లలోకి లైటు కొట్టడం, స్పీడ్‌బ్రేకర్ మీద వెనక షాకర్లు ఠప్పున అడుగంటడం ఇక్కడి నుంచే వస్తాయి. కాబట్టి మొత్తం బరువుతో పాటు వెనక యాక్సిల్ పరిమితి కూడా ఆ ప్లేటు మీద చూసుకోవాలి. చాలామంది బళ్లలో ముందు దాటేది అదే.

టోబార్‌ని కూడా వదలకండి. కంపెనీ టోబార్‌కి చిన్న ప్లేటు ఉంటుంది. దాని మీద ‘ఎస్’ పక్కన ఉన్న అంకె నిలువుగా మోయగల కిలోలు, ‘డి’ పక్కన ఉన్నది లాగుడు బలం, కిలోన్యూటన్లలో. 2.5 టన్నుల బండి, 1.4 టన్నుల ట్రైలర్‌కి కావలసిన డి విలువ సుమారు 8.8. రెంటినీ టన్నుల్లో గుణించి, వాటి మొత్తంతో భాగించి, 9.81తో గుణిస్తే అదే వస్తుంది. ఎస్ విలువ 100 అని ఉంటే మీ 168 దాని మీద పెట్టకూడదు. వీధి చివరి వెల్డింగ్ షాపులో చేయించిన టోబార్‌కి ఏ ప్లేటూ ఉండదు. 450 కిలోలకు అది గడిచిపోయింది. 1,400 కిలోలకు దాన్ని వాడొద్దు.

మా మాట: ఈ బండితోనే ఉండాలనుకుంటే సామానుతో సహా 1,000 నుంచి 1,100 కిలోల లోపు, 13 అడుగుల శరీరం ఉన్న ట్రైలర్ చూడండి. ఫాబ్రికేటర్ చెప్పే ‘ఖాళీ బరువు’లో బ్యాటరీ, సిలిండరు, నీళ్ల ట్యాంకు, ఏసీ, పరుపులు ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. సాధారణంగా ఉండవు. డెలివరీ రోజున వేబ్రిడ్జి చీటీ చూపించాకే ఆఖరి వాయిదా ఇస్తానని ఒప్పందంలోనే రాయించుకోండి.

ప్రశ్న: హిచ్ మీద పడే బరువు 10 శాతమని కొందరు, 5 శాతమని కొందరు, 15 అని కొందరు అంటున్నారు. ఎవరు రైటు? ఇంట్లో కొలుచుకోవడం ఎలా?
— ఒక పాఠకురాలు, కేఆర్ పురం

జవాబు: ఎవరి దేశంలో వాళ్లు రైటే. యూరప్ కారవాన్లకు 5 నుంచి 7 శాతం, అమెరికా ట్రావెల్ ట్రైలర్లకు 10 నుంచి 15. యూరప్‌లో బరువంతా యాక్సిల్ దగ్గరే కుదించి కడతారు, నెమ్మదిగా లాగుతారు, హిచ్‌లో ఊపు ఆపే రాపిడి బిళ్లలు వాడతారు. మన దగ్గర కట్టే ట్రైలర్లలో వంటిల్లు వెనక, స్టెప్నీ వెనక, ఒక్కోసారి నీళ్లు కూడా వెనక పెడతారు. అలాంటిదానికి 10–12 శాతం మంచిది.

ఎడ్లబండి తోలినవాళ్లను అడగండి, రెండు మాటల్లో చెప్తారు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎద్దు మెడ కాయలు కాస్తుంది. ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే, ఎడ్లు గంటకి నాలుగు కిలోమీటర్లు నడుస్తాయి, మీరు డెబ్బైలో వెళ్తారు. ఆ వేగంలో కాడి తేలితే ట్రైలర్ తోక ఆడించడం మొదలుపెడుతుంది.

కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. ట్రైలర్‌ని ప్రయాణానికి సర్దినట్టే సర్దండి: నీళ్లు, సిలిండరు, దుప్పట్లు, అన్నీ. చదునైన నేల మీద చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. మీటరు పైచిలుకు పొడవున్న గట్టి చెక్క పలక తీసుకుని ఒక చివర ఇటుక మీద అడ్డంగా పెట్టిన ఇనుప పైపు ముక్క మీద, ఇంకో చివర మిషన్ మీద మరో పైపు ముక్క మీద ఆనించండి. రెండు పైపుల మధ్య దూరం సరిగ్గా 90 సెంటీమీటర్లు ఉండాలి. ఇటుక వైపు పైపు నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర పలక మీద గీత గీయండి. ముందు ఖాళీ పలకతో మిషన్ ఎంత చూపిస్తుందో రాసుకోండి. ఇప్పుడు కప్లర్ (హిచ్ బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు) కింద ఒక దిమ్మ పెట్టి, జాకీ చక్రం (విప్పినప్పుడు ముక్కుని నిలిపే చిన్న చక్రం) మెల్లగా పైకి తిప్పుతూ కప్లర్‌ని ఆ గీత మీదకు దించండి. జాకీ నేలని వదిలాక అంకె చూడండి. పలక అంకె తీసేసి 3తో గుణించండి. మిషన్ 47 చూపించి పలక 3 అయితే, 44 మూళ్లు 132 కిలోలు. కప్లర్ ఎత్తు బండికి తగిలించినప్పుడు ఎంత ఉంటుందో ఇక్కడా అంతే ఉండాలి. ట్రైలర్ ముక్కు పైకి లేచి ఉంటే బరువు వెనక్కి జారి తక్కువ చూపిస్తుంది. పలక వాడకుండా నేరుగా మిషన్ మీద దింపితే, పెద్ద ట్రైలర్‌కి మిషన్ పగులుతుంది.

బరువు సరిచేయడానికి కొత్తగా ఏదీ మోయక్కర్లేదు, ఉన్నదాన్ని జరిపితే చాలు. యాక్సిల్ నుంచి కప్లర్‌కి 3.6 మీటర్లున్న ట్రైలర్‌లో 25 కిలోల వస్తువుని తోక నుంచి ముందు పెట్టెలోకి, అంటే 4.8 మీటర్లు, జరిపితే హిచ్ మీద 33 కిలోలు పెరుగుతుంది. 80 లీటర్ల నీళ్ల ట్యాంకు యాక్సిల్‌కి మీటరు వెనక ఉంటే నింపిన ప్రతిసారీ హిచ్ మీద 22 కిలోలు తగ్గుతుంది. ట్యాంకుని యాక్సిల్ మీదే పెట్టించుకోమని అందరికీ చెప్పేది ఇందుకే. సగం నిండిన ట్యాంకు ఇంకా చెడ్డది. నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి కాబట్టి లోపల అడ్డు పలకలు ఉండాలి.

ప్రశ్న: పాతదానికి బ్రేకులు లేవు, ఇబ్బందీ లేదు. కొత్తదానికి ‘ఓవర్‌రన్’ పెట్టనా, ‘ఎలక్ట్రిక్’ పెట్టనా అని అడుగుతున్నారు. అసలు అవసరమా?
— ఒక పాఠకుడు, హోసూరు రోడ్డు

జవాబు: అవసరమా అన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే: అవసరం. యూరప్‌లో బ్రేకులు లేకుండా అనుమతించేది 750 కిలోల వరకే. ఆ గీత ఎక్కడున్నా వెయ్యి కిలోల వస్తువు దిగుడులో వెనక నుంచి తోస్తే మీ బండి బ్రేకులే రెండింటికీ పనిచెయ్యాలి.

ఓవర్‌రన్‌లో కప్లర్ వెనక జారే కడ్డీ ఒకటి ఉంటుంది. బండి నెమ్మదిస్తే ట్రైలర్ ముందుకొచ్చి ఆ కడ్డీని నెడుతుంది, అది తీగల ద్వారా డ్రమ్ములను బిగిస్తుంది. బండిలో వైరింగ్ అక్కర్లేదు, కంట్రోలర్ అక్కర్లేదు. ఎవరు లాగినా పనిచేస్తుంది. నష్టాలు రెండు. ఘాట్ దిగుతున్నంతసేపూ కడ్డీ నొక్కుకునే ఉంటుంది కాబట్టి బ్రేకులు సన్నగా రాసుకుంటూ వేడెక్కుతాయి. రెండోది రివర్స్. బండి వెనక్కి తోస్తే కడ్డీ దాన్ని బ్రేకు అనుకుంటుంది. ఆటో రివర్స్ (వెనక్కి తిరిగేటప్పుడు బ్రేకు తనంతట వదిలే ఏర్పాటు) ఉన్న డ్రమ్ములు తీసుకోకపోతే ఎత్తు గేటులోకి వెనక్కి ఎక్కిస్తుంటే క్లచ్ వాసన వస్తుంది.

ఎలక్ట్రిక్‌లో డ్రమ్ము లోపల అయస్కాంతం ఉంటుంది. 10 అంగుళాల డ్రమ్ముకు ఒక్కోటి 12 వోల్టుల దగ్గర 3 నుంచి 4 ఆంపియర్లు తాగుతుంది. డ్రైవరు దగ్గర కంట్రోలర్ ఉంటుంది, దానికో చేతి మీట. ట్రైలర్ ఊగినప్పుడు ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేసే సౌకర్యం ఈ పద్ధతిలోనే ఉంది. అందుకే 1,200 కిలోలు దాటితే మేం దీనివైపే మొగ్గుతాం.

ఇందులో చెడగొట్టేది వైరు. రెండు యాక్సిళ్ల ట్రైలర్‌లో నాలుగు అయస్కాంతాలు కలిపి 15 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి డ్రమ్ము దాకా 8 మీటర్లు, ఎర్తు దారి కలిపి 16. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో దాదాపు 1 వోల్టు దారిలోనే పోతుంది, 6 వేస్తే 0.7. ఇండికేటర్ కోసం వాడే సన్న వైరుతో కలిపేస్తే మీరు బ్రేకు తొక్కినా డ్రమ్ములు సగమే పట్టుకుంటాయి. ఎర్తుని ఛాసీకి, హిచ్ బాల్‌కి వదిలేయొద్దు. బాల్ మీద గ్రీజు, తుప్పు ఉంటాయి. విడిగా ఎర్తు వైరు లాగించండి.

ఏ పద్ధతైనా బ్రేక్‌అవే తీగ తప్పనిసరి. హిచ్ ఊడితే ఆ తీగ లాగుకుని ట్రైలర్ బ్రేకు తనంతట తాను పడాలి. ఎలక్ట్రిక్‌లో దీనికి ట్రైలర్ మీద సొంత చిన్న బ్యాటరీ ఉండాలి, అది చార్జ్ అవుతుండాలి. తీగని హిచ్ బాల్‌కి చుట్టడం మామూలుగా చేసే తప్పు. బాలే ఊడిపోతే తీగ కూడా దాంతోనే వస్తుంది. బండి ఛాసీకి కట్టాలి. రెండు గొలుసులు కప్లర్ కింద గుణకారం గుర్తులా అడ్డంగా దాటించండి. ఊడిన కప్లర్ నేలకు గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది.

ప్రశ్న: పార్కింగ్ గురించి ఎవరూ రాయరేం? మాది 30–40 సైటు, ముందు గేటు 10 అడుగులు.
— ఒక పాఠకురాలు, విజయనగర్

జవాబు: డబ్బు కట్టేముందు ఒక ఆదివారం పొద్దున్నే ముగ్గు పిండి తీసుకుని గేటు ముందు ట్రైలర్ కొలతలు గీయండి. శరీరం పొడవుకి, కప్లర్ దాకా సాగే ముందు త్రికోణపు ఫ్రేము ఇంకో 1.2 మీటర్లు కలపండి. 16 అడుగుల ట్రైలర్ నేల మీద 6 మీటర్లు అవుతుంది. దానికి ముందు బండి ఇంకో 4.6 మీటర్లు. ఇది వీధికి అడ్డంగా తిరిగి గేటులోకి వెళ్లాలి. 30 అడుగుల రోడ్డులో ఎదురింటివాళ్ల కారు ఆగి ఉంటే తిరగదు. అప్పుడు హిచ్ విప్పి చేత్తో తోయాలి. 450 కిలోలను ఇద్దరు తోస్తారు, 1,400 తోయలేరు. మోటరున్న మూవర్ వాడితే తోయొచ్చు గానీ దాని బరువు కూడా ట్రైలర్ లెక్కలోకే వస్తుంది.

ఎత్తు మర్చిపోకండి. ఏసీతో కలిపి 2.7, 2.8 మీటర్లు అవుతుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలోకి దిగదు. వీధిలో వేలాడే కేబుల్ వైర్లు, చెట్ల కొమ్మలు, రైల్వే అండర్‌బ్రిడ్జిలు, అన్నిటి కింద ఎత్తు రాసుకుని ఆ అంకెను డాష్‌బోర్డు మీద అంటించండి.

నగరం బయట ఎవరి తోటలోనో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అది చవకే. కానీ నెలకోసారి వెళ్లి బ్యాటరీ చూడాలి, చక్రాలు తిప్పాలి, వెంట్లలో కందిరీగలు గూడు కట్టాయేమో చూడాలి.

ప్రశ్న: కడపలో ఒకాయన రెండేళ్లు వాడిన 14 అడుగుల ట్రైలర్ అమ్ముతున్నారు. బెంగళూరు తెచ్చుకోవాలంటే కాగితాలు ఏం కావాలి? వస్తువుని ఎలా చూడాలి?
— ఒక పాఠకుడు, యలహంక

జవాబు: మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి సొంత రిజిస్ట్రేషన్, సొంత నంబరు, ఇన్సూరెన్స్ ఉండాలి. ‘వెనక, లాగే బండి నంబరే రాసుకుంటే చాలు’ అనే అమ్మకందారు దగ్గర ఆర్‌సీ లేదని అర్థం. ఆంధ్రప్రదేశ్ నుంచి కర్ణాటకకు కాబట్టి ఫారం 28లో ఎన్‌ఓసీ, యాజమాన్యం మార్పుకు ఫారం 29, ఫారం 30. లోన్ ఉంటే తీర్చినట్టు ఫారం 35. ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్ గుర్తు తీసుకోవాలి. ఛాసీ నంబరుని ఆర్‌సీతో మీ కళ్లతో పోల్చండి. రంగు గీకి చూడాల్సివచ్చినా సరే, నంబరు పంచ్ చేసి ఉండాలి, స్టిక్కర్ కాదు. ఇన్సూరెన్స్ కంపెనీకి లాగే బండి నంబరూ ట్రైలర్ నంబరూ రెండూ ఇచ్చి పాలసీలో రాయించుకోండి.

వస్తువుని చూసేటప్పుడు పరుపులు, లైట్లు చివర్లో చూడండి. ముందు కిందకి దూరండి. త్రికోణం ఛాసీని కలిసే చోట వెల్డింగ్ పక్కన వెంట్రుకలాంటి గీత ఉంటే వదిలేయండి. అక్కడే విరుగుతుంది. టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే యాక్సిల్ వంగినట్టే, అంటే ఎక్కువ బరువు మోసిందన్నమాట. జాకీతో లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బేరింగ్ వదులు. తిప్పి వినండి. ఇసుక నూరినట్టు శబ్దం వస్తే బేరింగ్ పోయింది.

తర్వాత తేమ. తలుపు పక్క మూల, కిటికీ కింది అంచు, పైకప్పు చివర కలిసే చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. ప్లైవుడ్ మెత్తగా లోపలికి వెళ్తే ఆ గోడ మొత్తం మార్చాలి. వాసన కూడా చెప్తుంది. అమ్మేవాళ్లు ఆ రోజు అగరుబత్తి వెలిగిస్తే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. వీలుంటే పైకప్పు అతుకుల మీద పైపుతో మెల్లగా, ఒత్తిడి లేకుండా, పావుగంట నీళ్లు పోయించి లోపల చూడండి. అతుకుల్లో సిలికాన్ రాసి ఉంటే ఎవరో లీకుని కప్పిపుచ్చినట్టు. అది ఎండకు ఊడుతుంది, ఊడాక మిగిలిన పొర మీద ఇంకేదీ అంటదు. అతుకు కింద బ్యూటైల్ టేపు, పైన పాలియురెథేన్ సీలెంట్ ఉండాలి.

ప్రశ్న: మా పాత ట్రైలర్‌కి 145/70 ఆర్12 టైర్లు ఉన్నాయి. కొత్తదానికి 165/80 ఆర్14 వేస్తామంటున్నారు. పెద్దవే కదా, సరిపోతాయా?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: పెద్దవే, కానీ సరిపోవు. సైజు పక్కన ఉండే రెండంకెల లేదా మూడంకెల లోడ్ ఇండెక్స్ చూడండి. 69 అంటే ఒక్క టైరు 325 కిలోలు, 85 అంటే 515, 102 అంటే 850. ఒక యాక్సిల్ ట్రైలర్‌కి 85 వేస్తే రెండూ కలిపి 1,030 కిలోలే. 1,400 కిలోల ట్రైలర్‌కి చాలవు. చిన్న గూడ్స్ బళ్లకు వాడే 185 ఆర్14సీ, 102 ఇండెక్స్ ఉన్నది వేయించండి. గాలి కూడా కారు లెక్కన కాదు, టైరు పక్క గోడ మీద రాసిన దాని ప్రకారం. ట్రైలర్ టైర్లు అరగక ముందే ముసలివవుతాయి. పక్క గోడ మీద నాలుగంకెలు, ఉదాహరణకి 2319 ఉంటే, 2019లో 23వ వారంలో తయారైనట్టు. ఐదారేళ్లు దాటితే గీతలు బాగున్నా మార్చేయండి. స్టెప్నీ అదే సైజు ఉండాలి. బండి స్టెప్నీ ట్రైలర్‌కి పట్టదు.

ప్రశ్న: 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ, 400 వాట్ల సోలార్ పెట్టిస్తే రాత్రంతా ఏసీ నడుస్తుందా? పెద్దది కొనేదే అందుకు.
— ఒక పాఠకురాలు, సర్జాపుర

జవాబు: నడవదమ్మా. ముప్పావు టన్ను ఏసీ నడిచేటప్పుడు సుమారు 800 వాట్లు. ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి మూడింట రెండొంతుల సమయం అనుకుంటే 8 గంటలకు 4.3 యూనిట్లు, ఇన్వర్టర్ నష్టం కలిపి 4.7. 12.8 వోల్టుల 200 ఏహెచ్ బ్యాటరీలో ఉన్నదే 2.56 యూనిట్లు, వాడుకోగలిగేది 2.3. నాలుగు గంటలు వస్తుంది, తెల్లవారుజామున ఆగిపోతుంది. మర్నాడు 400 వాట్ల ప్యానెళ్లు బెంగళూరు ఎండలో ఇచ్చేది 1.3, 1.4 యూనిట్లు. అదీ నీడలో నిలపకపోతే. నీడలో నిలిపితే సోలార్ లేదు, ఎండలో నిలిపితే ఏసీ ఆగదు.

ఏసీ వదిలేసి లెక్కేస్తే బొమ్మ మారుతుంది. 45 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్‌కి రోజుకి అర యూనిట్, రాత్రంతా 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ తిరిగితే 0.22, లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపు కలిపి 0.2. యూనిట్‌కి లోపే. అదే బ్యాటరీ రెండు రోజులు ఎండ లేకున్నా వస్తుంది. సకలేశపుర, కొడగు వైపు ఎత్తులో రాత్రి పైన వెంట్ తెరిచి, ఫ్యాన్ పెట్టుకుంటే సరిపోతుంది. ఏసీ కావాలంటే కరెంటు ఇచ్చే హోమ్‌స్టే చూసుకుని 16 ఆంపియర్ల పవర్ ప్లగ్‌కి తగిలించండి. తగిలించే ముందు సాకెట్ టెస్టర్‌తో ఎర్తు ఉందో లేదో చూడండి. ట్రైలర్ లోపల 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉండాలి. ఇనుప ఛాసీ, తడి నేల, ఎర్తు లేని ప్లగ్ కలిస్తే మెట్టు మీద కాలు పెట్టినవాళ్లకి షాక్ కొడుతుంది.

ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఎత్తుకెళ్దామనుకోకండి. అది 50 కిలోలకు పైనే, వాడుకోగలిగేది సగం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 100 ఏహెచ్ 12 కిలోల చిల్లర. కానీ దాన్ని బండి ఆల్టర్నేటర్‌కి నేరుగా కలపొద్దు. 30 ఆంపియర్ల డీసీ–డీసీ చార్జర్ పెట్టించండి. మూడు గంటల డ్రైవ్‌లో యూనిట్ పైనే నింపుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక చెయ్యి పొడవు లోపలే ఫ్యూజ్ ఉండాలి.

ఇంకోటి, ఏసీ ఎక్కడ పెడుతున్నారో చూడండి. విండో ఏసీని తోకలో బిగిస్తే 35 కిలోలు వెనక పడి హిచ్ బరువు జవాబులో చెప్పిన లెక్కంతా మారుతుంది.

ప్రశ్న: గ్యాస్, టాయిలెట్ గురించి రెండు ముక్కల్లో.
— ఒక పాఠకుడు, జయనగర

జవాబు: సిలిండరు 5 కిలోలది చాలు, 14.2 కిలోలది వద్దు. బయటికి మాత్రమే తెరుచుకునే పెట్టెలో నిలబెట్టి బిగించండి, పెట్టె అడుగున గాలి రంధ్రాలు ఉండాలి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, కిందే చేరుతుంది. గ్యాస్ అలారం కూడా నేలకు దగ్గర పెట్టాలి, పొగ అలారంలా పైన కాదు. రబ్బరు పైపు ఐదేళ్లకోసారి మార్చాలి. ప్రయాణంలో రెగ్యులేటర్ ఆఫ్.

టాయిలెట్‌కి పెద్ద ట్యాంకు కట్టించుకోకండి. ఖాళీ చేసే చోట్లు మన దారుల్లో దొరకవు. బయటికి లాగి తీసుకెళ్లే 20 లీటర్ల క్యాసెట్ అయితే హోమ్‌స్టే టాయిలెట్‌లో పోసి కడగొచ్చు. ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలి మందు సెప్టిక్ ట్యాంకులో పని చేసే సూక్ష్మజీవులను చంపుతుంది. ఎంజైమ్ రకం వాడండి.

ప్రశ్న: మేం భార్యాభర్తలం, ఒక పాప. నెలకి ఒకట్రెండు రాత్రులే. నిజంగా పెద్దది కావాలా?
— ఒక పాఠకురాలు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

జవాబు: అక్కర్లేదు. టియర్‌డ్రాప్ పక్కన కట్టే అనెక్స్ టెంట్ కొనండి. 15 కిలోల లోపే ఉంటుంది. పాపకు అందులో మంచం, మీకు కుర్చీలు వేసుకునే చోటు. వానాకాలం తడి టెంటు మడవడం ఒక్కటే విసుగు. ఆ విసుగు ఏడాదికి పదిసార్లు పడినా, పై జవాబుల్లో ఉన్న ఖర్చులో చిన్న వంతు కూడా కాదు.

ప్రశ్న: పెద్ద ట్రైలర్ వచ్చాక మొదటి ప్రయాణం ఎటు వెళ్లాలి? హార్స్‌లీ హిల్స్ అనుకుంటున్నాం. నడపడంలో తేడా ఏముంటుంది?
— ఒక పాఠకుడు, బనశంకరి

జవాబు: హార్స్‌లీ హిల్స్ మూడో ప్రయాణానికి ఉంచండి. మొదటిది లేపాక్షి. ఎన్‌హెచ్ 44 మీద కొడికొండ దాకా వెడల్పాటి రోడ్డు, అక్కడి నుంచి పడమరకి చిన్న దారి. మొత్తం 120 కిలోమీటర్లు, ఘాట్ లేదు. బయల్దేరిన 30 కిలోమీటర్లకు ఆగి ట్రైలర్ హబ్బులు (చక్రాల మధ్య భాగాలు) అన్నీ చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉండాలి. ఒకటి మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆ బేరింగ్ ఎక్కువ బిగించారు, లేదా గ్రీజు లేదు, లేదా బ్రేకు పట్టుకుని ఉంది. చక్రం బోల్టులు కూడా అప్పుడే మళ్లీ బిగించండి, కొత్త చక్రాలవి వదులవుతాయి.

మైసూరు వైపు నుంచి ఊటీ వెళ్లే ఆలోచన ఉంటే బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసి ఉంటుంది, గేటు దగ్గర రాత్రి ఇరుక్కోకండి. మసినగుడి వైపు 36 హెయిర్‌పిన్‌ల దారి ట్రైలర్‌తో అసలు వద్దు.

రివర్స్‌లో పాతదే కష్టం, కొత్తది సులువు. చిన్న ట్రైలర్ స్టీరింగ్ కాస్త తిప్పగానే మడుచుకుంటుంది. పొడుగుది ఆలస్యంగా, మెల్లగా స్పందిస్తుంది. స్టీరింగ్ కింది భాగాన్ని పట్టుకుని ట్రైలర్ వెనక ఎటు వెళ్లాలో చేతిని అటు జరపండి. కానీ మలుపులో పొడుగుది లోపలికి కోస్తుంది. ఎడమ మలుపులో ఎక్కువ ముందుకెళ్లి తిప్పకపోతే లోపలి చక్రం ఫుట్‌పాత్ ఎక్కుతుంది. పెట్రోల్ బంకులో ఎప్పుడూ చివరి పంపు. ఊళ్లల్లో స్పీడ్‌బ్రేకర్ నడిచే వేగంలో దాటాలి. యాక్సిల్ వెనక రెండు మీటర్ల తోక ఉన్న ట్రైలర్ బంకు ర్యాంపు దిగేటప్పుడు వెనక మూల నేలకి రాసుకుంటుంది. అక్కడ చిన్న నైలాన్ రోలర్లు బిగిస్తే ఛాసీ మిగులుతుంది.

ఇక ఊపు. లారీ పక్క నుంచి వేగంగా దాటినప్పుడు ట్రైలర్ తోక ఆడించడం మొదలుపెడితే బండి బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్‌తో సరిచేయాలని తిప్పొద్దు. తొక్కితే ట్రైలర్ వెనక నుంచి తోసి ఊపు పెంచుతుంది. యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. ఎలక్ట్రిక్ బ్రేకు ఉంటే చేతి మీటతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే మెల్లగా వేయండి. ఆగాక పక్కకి తీసి, వెనక పెట్టిన బరువు ముందుకి మార్చకుండా మళ్లీ బయల్దేరకండి. వేగం 70 దాటకుండా చూసుకోండి. ఘాట్ దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే, లేదా ఒకటి తక్కువలో దిగాలి. ఆ గేరు ఏదో ఎక్కేటప్పుడే గుర్తుపెట్టుకోండి.

హిచ్ తగిలించాక కప్లర్ లాక్ పడిందని నమ్మేముందు జాకీ చక్రాన్ని నాలుగు చుట్లు కిందికి తిప్పి చూడండి. బండి వెనక భాగం కూడా ట్రైలర్‌తో పాటు పైకి లేస్తే లాక్ పడినట్టు. ట్రైలర్ ముక్కు ఒక్కటే లేస్తే బాల్ కప్లర్ లోపలికి వెళ్లలేదు.